నొప్పి గోలీలకు, మత్తు సూదులకు అలవాటుపడిన మనిషికి వైద్యం చేయించడం ఎలా

ఇంట్లో మనిషి గోలీ వేసుకోనిదే పొద్దున మంచం దిగలేని స్థితికి వచ్చాడని తెలిసిన రోజు, ఆ కుటుంబానికి రెండే దారులు కనిపిస్తాయి: గదిలో పెట్టి తాళం వేయడం, లేదంటే ఎవరో చెప్పిన కేంద్రంలో మూడు నెలలు వదిలిపెట్టి రావడం. మేము ఆ రెండూ చేశాము. మా తమ్ముడు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. నడుము పట్టేసినప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసిన సూదితో మొదలై, ట్రమడాల్ క్యాప్సూళ్ళ మీదుగా, టాపెంటడాల్ బిళ్ళలను నరానికి ఎక్కించుకునే దాకా నాలుగేళ్ళలో చేరుకున్నాడు. ఆ రెండు దారులూ కాక మూడోది ఒకటి ఉన్నదని, దానికి ఆస్తులు అమ్ముకోవలసిన పని లేదని మాకు తెలిసేసరికి అతన్ని దాదాపు పోగొట్టుకున్నాము. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి, జనగామ వైపు ఇళ్ళలో ఇదే బాధతో ఉన్నవారు ఆ మూడో దారిని మొదటి రోజే పట్టుకోవాలని దీన్ని రాస్తున్నాను.

ఆ దారి ఏమిటో ముందే చెబుతాను. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి శరీరంలోని మత్తును దింపడం వైద్యంలో మొదటి మెట్టు మాత్రమే. అసలు వైద్యం ఆ తర్వాత నెలల తరబడి, చాలామందికి ఏళ్ళ తరబడి, డాక్టరు పర్యవేక్షణలో ప్రతిరోజూ నాలుక కింద పెట్టుకునే బుప్రినార్ఫిన్ అనే బిళ్ళ. ఈ ఒక్క సంగతి కుటుంబానికి అర్థమైతే మిగిలిన అడుగులు వాటంతటవే కుదురుకుంటాయి.

ముందు ఏ మందో తేల్చుకోండి

మత్తు పదార్థాలన్నీ ఒకే జాతివి కావు, వాటి వైద్యమూ ఒకటి కాదు. స్మాక్, బ్రౌన్ షుగర్ అనే పేర్లతో వచ్చే హెరాయిన్, నల్లమందు, గసగసాల కాయల పొట్టు, కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్, టాపెంటడాల్, పెంటజోసిన్ సూది, ఇవన్నీ ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతివి. గంజాయి ఈ జాతిది కాదు. మన దగ్గర వార్తల్లో ఎక్కువగా వినబడేది గంజాయి కేసులే కాబట్టి తల్లిదండ్రులు అన్నింటినీ ఒకే గాటన కడతారు గానీ, నేను చెప్పబోయే బిళ్ళ గంజాయికీ, మద్యానికీ, పిల్లలు పీల్చే వైట్‌నర్‌కూ పనిచేయదు. ఈ జబ్బు ఎక్కడో పంజాబ్‌లో ఉంటుందని అనుకోవడమూ పొరపాటే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 2.06 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. అందులో హెరాయిన్ వాడేవారు 1.14 శాతమైతే, మందుల దుకాణాల్లో దొరికే నొప్పి మందుల వంటివి వాడేవారు 0.96 శాతం ఉన్నారు. అంటే స్మాక్ ముఖం ఎన్నడూ చూడని ఇంట్లోకి కూడా ఇది ఒక చీటీ మీద రాసిన గోలీ రూపంలో రాగలదు.

మనిషిని నిలదీసి ఒప్పించాలని చూడకండి. "తాగుతున్నవా లేదా" అని అడిగితే లేదనే జవాబే వస్తుంది. మా అవ్వ ఒకరోజు బియ్యం డబ్బా అడుగున రబ్బరు బ్యాండు వేసి దాచిన ఖాళీ స్ట్రిప్పుల కట్ట చూసి, అరవకుండా దాన్ని వాడి పక్కన మంచం మీద పెట్టి, "దినాం ఎన్ని ఏసుకుంటున్నవ్ బిడ్డా, సక్కగ చెప్పు, దవాఖానకు పోదాం" అన్నది. లెక్క అడిగితే మనిషి లెక్క చెబుతాడు. నాలుగేళ్ళలో వాడు నిజం చెప్పింది ఆ రోజే. డాక్టరుకు కావలసినదీ ఆ లెక్కే: ఏ మందు, రోజుకు ఎంత, మింగడమా, పీల్చడమా, సూదిగానా, ఎన్ని నెలల నుంచి, చివరిసారి ఎన్ని గంటలకు. ఖాళీ స్ట్రిప్పులను, సీసాలను పారేయకుండా కవరులో వేసి వెంట తీసుకువెళ్ళండి. దుకాణంలో తెచ్చిన మూత్ర పరీక్ష పట్టీలో ఏమీ కనబడలేదని నిశ్చింతపడకండి, ఎందుకంటే మార్ఫిన్, హెరాయిన్‌ల కోసం చేసే మామూలు పరీక్షలో ట్రమడాల్ దొరకదు.

కల్లు సంగతి కూడా దాచకుండా చెప్పాలి, ఉత్తర తెలంగాణలో ఇది మరీ ముఖ్యం. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర మందులు కలుపుతారని మనందరికీ తెలుసు. 2015లో దాడులు ముమ్మరమై ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మెదక్ ప్రాంతాల ఆసుపత్రులకు వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో జనం వరుస కట్టారు. అవి ఓపియాయిడ్లు కావు, వాటిని తగ్గించే పద్ధతి వేరు, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా నిద్ర మందు, నల్లమందు జాతి మందు రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. కల్లు దుకాణానికి రోజూ వెళ్ళే మనిషైతే ఆ మాట మొదటి చూపులోనే డాక్టరు చెవిన వేయండి.

ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళకూడదు

చాలా ఇళ్ళు కేసు అవుతుందనే భయంతోనే ఆగిపోతాయి. మత్తు పదార్థాలపై వచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుకు అలవాటుపడిన వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ, ప్రభుత్వం గుర్తించిన సంస్థలోగానీ వైద్యానికి చేరితే, వాడినందుకు లేదా కొద్ది పరిమాణంలో దగ్గర ఉన్నందుకు అతనిపై విచారణ నడవకుండా రక్షణ దొరుకుతుంది. వైద్యాన్ని మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. డాక్టరు దగ్గర చెప్పిన మాట డాక్టరు దగ్గరే ఉంటుంది. నిజానికి భయపడవలసింది వైద్యానికి వెళ్ళకుండా చాటున కొనుక్కుంటున్నందుకు, ఎందుకంటే 2018 నుంచి ట్రమడాల్ కూడా ఆ చట్టం కిందికి వచ్చింది.

వరంగల్ చుట్టుపక్కల వారికి మొదటి మెట్టు కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన ఎంజీఎం ఆసుపత్రి. ఓపీ చీటీ తీసుకునేటప్పుడు మానసిక వైద్య విభాగం అని అడగండి. ఆ పేరు వినగానే వెనక్కి తగ్గవద్దు, ఈ జబ్బును చూసే డాక్టర్లు ఆ విభాగంలోనే ఉంటారు. కరీంనగర్, నిజామాబాద్ వైద్య కళాశాలల ఆసుపత్రులు, ఆదిలాబాద్ రిమ్స్ ఆయా జిల్లాల వారికి దగ్గర. పెద్ద చికిత్స అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు పంపిస్తారు. బయలుదేరే ముందు మత్తు విముక్తి జాతీయ సహాయ నంబరు 14446కు గానీ, తెలుగులో మాట్లాడే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయండి. రెండూ ఉచితమే. ఫోన్‌లో ఒక ప్రశ్న సూటిగా అడగండి: "బుప్రినార్ఫిన్ బిళ్ళ ఇచ్చే కేంద్రం మాకు దగ్గరలో ఎక్కడుంది, ఏ రోజుల్లో ఇస్తారు?" ఆ బిళ్ళ వీధి చివర మందుల దుకాణంలో దొరికేది కాదు, డీ-అడిక్షన్ సదుపాయం ఉన్న ఆసుపత్రులకు, కేంద్రాలకే సరఫరా అవుతుంది. సూదులు తీసుకునేవారి కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఓఎస్‌టీ (మత్తు మందుకు బదులు ఈ బిళ్ళ ఇచ్చే) కేంద్రాల్లో దాన్ని ఉచితంగా, సిబ్బంది కళ్ళెదుటే వేయిస్తారు.

ప్రైవేటు కేంద్రమైతే డబ్బు కట్టకముందే కొన్ని సంగతులు తేల్చుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నదా, మానసిక వైద్యుడు వారానికి ఎన్నిసార్లు వచ్చి స్వయంగా చూస్తాడు, ఏ మందులు ఇస్తారు, రోగితో ఇంటివాళ్ళు ఫోన్‌లో మాట్లాడవచ్చా, ఇంటికి పంపిన తర్వాత మందు ఎవరు కొనసాగిస్తారు. "మా దగ్గర మందులు ఉండవు, క్రమశిక్షణతోనే మాన్పిస్తాం" అన్న జవాబు వస్తే వచ్చిన దారినే తిరిగి వెళ్ళండి. మనిషి ఒప్పుకోకపోయినా జీపులో వేసుకుని పోతామనే చోటికి అసలే పంపకండి. ఆ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది; రోగి సమ్మతి లేకుండా చేర్చుకోవడానికి వైద్యుల పరీక్ష, నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిలబడే మనిషి) దరఖాస్తు, 30 రోజుల గడువు వంటి నియమాలు పెట్టింది, గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

మా తమ్ముడిని మేము పెట్టిన చోటు పేరు రాయను. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. పొద్దున ప్రార్థన, పగలు పని, రాత్రి తాళం, ఇదే అక్కడి వైద్యం. వాడు బొద్దుగా అయ్యి, తలకు నూనె రాసుకుని, నవ్వుకుంటూ బస్సు దిగితే బాపు ఊళ్ళో మిఠాయి పంచాడు. నాలుగో రోజు రాత్రి ఏం జరిగిందో కింద చెబుతాను.

మొదటి మోతాదు రోజు

ఓపియాయిడ్ ఆగినప్పుడు వచ్చే బాధలను ఫ్లూ జ్వరంతో పోలుస్తారు గానీ, అనుభవించేవాడికి అది చాలా చిన్న మాట. హెరాయిన్ లాంటి త్వరగా దిగిపోయే మందైతే 8 నుంచి 12 గంటల్లో మొదలవుతాయి: ఆగని ఆవలింతలు, ముక్కు, కళ్ళ నుంచి నీరు, ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలికలు, విరేచనాలు, కాళ్ళ పీకులు, పెద్దవైన కంటిపాపలు. రెండో రోజు, మూడో రోజు తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో శరీరం వరకు తగ్గుతాయి. నిద్ర పట్టకపోవడం, యావ (మందు కావాలని లాగే కోరిక) మాత్రం వారాల తరబడి, కొందరికి నెలల తరబడి ఉంటాయి. ఈ బాధల వల్ల చావు రావడం అరుదు, కానీ వాంతులు, విరేచనాలతో నీరసించిపోయిన మనిషికి నీరు, ఓఆర్‌ఎస్ అందకపోతే ప్రమాదమే. ట్రమడాల్ ఎక్కువగా వాడినవారికి ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి.

ఇక్కడ అందరూ తడబడే ఒక విషయం ఉంది. బుప్రినార్ఫిన్ కూడా ఓపియాయిడే, కాకపోతే సగమే పనిచేసే రకం. మెదడులో ఆ మందులు కూర్చునే చోట్లను ఇది మిగతావాటికన్నా గట్టిగా పట్టుకుంటుంది. ఒంట్లో పాత మందు ఇంకా నిండుగా ఉండగానే దీన్ని ఇస్తే, పాతదాన్ని నెట్టేసి తాను సగమే పనిచేయడం వల్ల, నెమ్మదిగా రావలసిన బాధలన్నీ అరగంటలో మీద పడతాయి. ఒకసారి అలా జరిగితే ఆ మనిషి ఇక ఆ బిళ్ళ పేరెత్తనివ్వడు. అందుకని మొదటి మోతాదును బాధలు స్పష్టంగా మొదలైన తర్వాతే ఇస్తారు: హెరాయిన్ వాడేవారికి చివరిసారి నుంచి సుమారు 12 గంటలు, ఎక్కువసేపు నిలిచే మందులకు 24 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. డాక్టరు నాడి, చెమట, కంటిపాపలు, ఆవలింతలు చూసి అంకెలు వేసి నిర్ణయిస్తారు.

కాబట్టి ముందు రోజు సాయంత్రం తర్వాత ఏమీ వేసుకోకుండా పొద్దున్నే ఆసుపత్రికి చేరేలా చూసుకోండి. ఇది చెప్పినంత తేలిక కాదు. మా తమ్ముడు పరకాల నుంచి హనుమకొండ వచ్చే బస్సులో ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చున్నాడు, రెండుసార్లు మధ్యలో దిగిపోతానన్నాడు. పక్కన నేను చేసిందల్లా చేయి పట్టుకోవడం, నీళ్ళు తాగించడం. దారిలో "తట్టుకోవడానికి ఒక్కటి" వేసుకుంటే ఆ విషయం డాక్టరు దగ్గర దాచవద్దు. దాస్తే శిక్ష పడేది వాడికే.

బిళ్ళ చిన్నది. మన దేశంలో ఎక్కువగా వాడేది బుప్రినార్ఫిన్, నల్లమందు జాతి మందులను అడ్డుకునే నలాక్సోన్ కలిసినది. 2 మిల్లీగ్రాముల మొదటిదానికి 0.5 మిల్లీగ్రాముల రెండోది ఉంటుంది. ఎవరైనా నీళ్ళలో కలిపి సూదిగా ఎక్కించుకుంటే ఆ నలాక్సోన్ అడ్డుపడి బాధలు రప్పిస్తుంది, నాలుక కింద పెట్టుకుంటే అది దాదాపు ఒంటికి పట్టదు. బిళ్ళ మింగితే పనిచేయదు. నర్సమ్మ బిళ్ళలను పొడి చేసి నాలుక కింద పోసి, "మింగకు, మాట్లాడకు, నీళ్ళు తాగకు" అని చెప్పింది. వాడు బల్ల మీద తల వంచుకుని, పెదవులు బిగించి, గోడ గడియారం వైపు చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాడు. ముప్పావు గంట గడిచాక ముక్కు కారడం ఆగింది. దుప్పటి తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆకలైతుందక్కా" అన్నాడు. మొదటి రోజు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో బాధలు, యావ అణిగే స్థాయికి పెంచుతారు. ఎంత అన్నది డాక్టరు తేల్చవలసిందే, ఇంకొకరి చీటీ చూసి పోల్చుకోవద్దు.

"మత్తు మాన్పడానికి ఇంకో మత్తు ఎందుకు?"

ఈ ప్రశ్న బాపు అడిగాడు, మేనమామ అడిగాడు, ఊరంతా అడిగింది. నేను చెప్పే జవాబు ఇది. మత్తు మందు రక్తంలో ఒక్కసారిగా ఎగిసి, గంటల్లో పడిపోతుంది. ఆ ఎగుడుదిగుళ్ళ మధ్య మనిషి రోజంతా తరువాతి గోలీ వేటలోనే గడిచిపోతుంది. ఈ బిళ్ళ నిలకడగా పనిచేస్తుంది, ఒక స్థాయి దాటి ఎంత వేసుకున్నా ప్రభావం అంతగా పెరగదు, వేటను ఆపుతుంది, పనికి వెళ్ళనిస్తుంది. ఈ బుప్రినార్ఫిన్‌ను, ఇదే పనికి వాడే మెథడోన్ అనే మరో మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఈ వైద్యంలో నిలిచి ఉన్నవారిలో మరణాలు, లేనివారితో పోలిస్తే, సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతాయని అనేక దేశాల పరిశీలనలు చూపాయి. షుగర్ ఉన్నవాడిని ఇన్సులిన్‌కు అలవాటుపడ్డావని ఎవరూ నిందించరు కదా.

డాక్టరు ముందు ఉన్న మిగతా మార్గాలు కూడా తెలుసుకోండి. కొందరికి క్లోనిడిన్, నొప్పులకు, విరేచనాలకు, నిద్రకు మందులతో బాధలు దింపి పంపుతారు; క్లోనిడిన్ బీపీని తగ్గిస్తుంది కాబట్టి ఇంట్లో సొంతంగా వాడరాదు. అలా దింపి అక్కడితో ఆపేస్తే ఎక్కువమంది కొద్ది వారాల్లోనే పాత దారికి వస్తారు, కనుక "తర్వాత ఏం ఇస్తారు?" అని తప్పక అడగండి. మెథడోన్ ద్రవం బుప్రినార్ఫిన్ సరిపోనివారికి మంచి మందే గానీ మన దేశంలో కొన్ని కేంద్రాల్లోనే ఉంటుంది, రోజూ అక్కడికే వెళ్ళి తాగాలి. నాల్ట్రెక్సోన్ వేరే పద్ధతిది: ఇది మత్తు ఎక్కకుండా అడ్డుపడుతుంది, రోజుకు సాధారణంగా 50 మిల్లీగ్రాములు. వారం, పది రోజులు పూర్తిగా మానిన తర్వాత, కాలేయ పరీక్ష చూసి మొదలుపెడతారు. ఉద్యోగం ఉండి, ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చేతికిచ్చి వేయించే పట్టుదల ఉన్నచోట పనికొస్తుంది. మానేస్తే మాత్రం శరీరం పాత మోతాదును అసలే తట్టుకోలేదు.

ఇంటికి వచ్చిన వారమే అన్నిటికన్నా ప్రమాదం

కేంద్రం నుంచి, ఆసుపత్రి నుంచి, జైలు నుంచి, ఎక్కడి నుంచి వచ్చినా, కొన్ని వారాలు మానిన శరీరం పాత మోతాదును మరచిపోతుంది. మనసు మాత్రం మరవదు. నెలల క్రితం మామూలుగా పట్టిన లెక్కే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. బిళ్ళ వాడకుండా మానిన మనిషికి ఈ ప్రమాదం ఎక్కువ, వైద్యం వదిలేసిన మొదటి నాలుగు వారాల్లో మరీ ఎక్కువ.

ఆ నాలుగో రోజు రాత్రి మా తమ్ముడు అరుగు మీద పడుకుని గట్టిగా గురక పెట్టాడు. మూడు నెలల తర్వాత ఇంటి నిద్ర పోతున్నాడని అవ్వ దుప్పటి కప్పి లోపలికి వెళ్ళింది. అది గురక కాదు. గొంతులో నీళ్ళు ఆడుతున్నట్టు, ఒక శ్వాసకూ ఇంకో శ్వాసకూ మధ్య లెక్కపెట్టేంత ఎడంతో వచ్చే చప్పుడు. నేను లైటు వేసి చూస్తే పెదవులు బూడిద రంగులో ఉన్నాయి, కనురెప్ప ఎత్తితే కంటిపాప గుండుసూది మొనంత ఉంది.

ఈ మూడు గుర్తులు కంఠస్థం చేయండి: లేపితే లేవడు, ఊపిరి నెమ్మదించింది, కంటిపాప చుక్కంత అయింది. వెంటనే 108కి ఫోన్ చేసి "ఊపిరి ఆడటం లేదు, నొప్పి మందు ఎక్కువైంది" అని చెప్పండి. భుజం తట్టి, రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్ది లేపండి. లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదించి ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ప్రతి ఐదు సెకన్లకు ఒకసారి ఊపిరి ఊదండి. అసలు ఊపిరే లేకుండా, కదలిక లేకుండా ఉంటే 108 వారు ఫోన్‌లో చెప్పినట్టు ఛాతీ నొక్కడం కూడా మొదలుపెట్టండి. ఊపిరి సరిగా ఆడుతూ ఉంటే పక్కకు ఒత్తిగిలించండి, వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు. ఉప్పు నీళ్ళు తాగించడం, మజ్జిగ పోయడం, చన్నీళ్ళ స్నానం, నడిపించడం, ఇవేవీ చేయవద్దు. ఆసుపత్రిలో నలాక్సోన్ సూది వేస్తారు. మా తమ్ముడు ఆ సూదితో నిమిషాల్లో కళ్ళు తెరిచి, ఎందుకు లేపారని కోపగించుకున్నాడు. అప్పుడే ఇంటికి తీసుకువెళ్ళాలనిపిస్తుంది, వెళ్ళకండి. నలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే, లోపలి మందు అంతకన్నా ఎక్కువసేపు ఉంటే ఊపిరి మళ్ళీ తగ్గుతుంది. నలాక్సోన్ ఇంట్లో ఉంచుకునే వీలు ఉందేమో, ఎవరు ఎలా వేయాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ మాకు మొదటిసారి బుప్రినార్ఫిన్ పేరు చెప్పింది. నాలుగేళ్ళలో ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆమే.

ఇంట్లో చూసుకోవలసినవి

ఇంటికి బిళ్ళలు ఇచ్చే దశ వచ్చాక వాటిని తాళం వేసిన బీరువాలో ఉంచి, రోజుకు రోజు చేతికివ్వండి. పిల్లలకు ఒక్క బిళ్ళ కూడా ప్రాణాంతకం కాగలదు. బిళ్ళ కరిగిపోయాక నోరు నీళ్ళతో పుక్కిలించి, ఒక గంట ఆగి పళ్ళు తోముకోవాలి. ఈ మందు వల్ల పళ్ళు పాడవవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. మలబద్ధకం మామూలే, ఆకుకూర, నీళ్ళు పెంచండి. మద్యం, కల్లు, నిద్ర గోలీలు దీనితో కలవకూడదు. దసరాకు అల్లుడిని, తమ్ముడిని "ఒక్క సీసా" అని బలవంతపెట్టే బంధువులకు ముందుగానే గట్టిగా చెప్పి ఉంచవలసింది మీరే, వాడు కాదు.

సూదులు వాడిన మనిషికి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సీ ఇప్పుడు కొన్ని నెలల మాత్రలతో నయమయ్యే జబ్బు, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. ఎక్కడ ఏ వైద్యానికి వెళ్ళినా, పంటి నొప్పికైనా, ఆపరేషన్‌కైనా, ఈ బిళ్ళ వాడుతున్న సంగతి ముందు చెప్పాలి. మొదట అలవాటుకు దారి తీసిన నడుము నొప్పి ఇంకా ఉంటే దానికి విడిగా వైద్యం జరగాలి, లేకపోతే ఆ నొప్పే అతన్ని తిరిగి ఆర్‌ఎంపీ తలుపు తట్టిస్తుంది. మా వాడు బస్తాలు మోయడం మానేసి తూకం రాసే పనికి మారాడు.

గర్భిణికి ఈ అలవాటు ఉంటే ఒక్కసారిగా మాన్పించవద్దు, కడుపులో బిడ్డకు ప్రమాదం. మానసిక వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు కలిసి చూస్తూ బుప్రినార్ఫిన్ లేదా మెథడోన్ కొనసాగిస్తారు. పుట్టిన బిడ్డకు కొన్ని రోజులు ఇబ్బందులు రావచ్చు, వాటికి వైద్యం ఉంది, తల్లి పాలు ఇవ్వవచ్చు.

మధ్యలో ఒకసారి వాడితే ఇంటి నుంచి వెళ్ళగొట్టకండి, కేంద్రం వాళ్ళు బిళ్ళ ఆపేస్తామన్నా ఒప్పుకోకండి. బీపీ పెరిగిందని బీపీ మందు ఆపరు కదా. చాలాసార్లు అలా జారడానికి కారణం మోతాదు తక్కువ కావడమే, ఆ మాట తేదీతో సహా డాక్టరుకు చెప్పండి. కౌన్సెలింగ్ దొరికితే తీసుకోండి, మేలు చేస్తుంది. కౌన్సెలర్ దొరకలేదని బిళ్ళ మొదలుపెట్టడం మాత్రం వాయిదా వేయవద్దు.

ఎప్పుడు తగ్గించాలి

కనీసం ఒక సంవత్సరం నిలకడగా గడవకముందు ఈ మాట ఎత్తకపోవడమే మంచిది. పని, నిద్ర, డబ్బు లెక్క, ఇంటి సంబంధాలు ఒక గాడిన పడి, యావ లేని నెలలు వరుసగా వచ్చినప్పుడు, వాడుతున్న మనిషే అడిగితే, డాక్టరు కొద్దికొద్దిగా నెలల తరబడి దింపుతారు. దింపే దారిలో ఆవలింతలు, నిద్రలేమి, చిరాకు మళ్ళీ మొదలైతే ఒక మెట్టు పైకి వెళ్ళి ఆగడంలో ఓటమి లేదు. పెళ్ళి కుదిరిందనో, గల్ఫ్‌కు వీసా వచ్చిందనో, "ఇంకెన్నాళ్ళు" అని అత్తగారు అన్నదనో తొందరపడి ఆపించిన ఇళ్ళను ఓపీ వరుసలో నేను చూశాను, తిరిగి మొదటి రోజు నుంచి మొదలుపెట్టడానికి వచ్చినవాళ్ళు.

మా తమ్ముడికి మూడో ఏడు నడుస్తోంది. రెండు వారాలకొకసారి పొద్దున బస్సుకు వెళ్ళి, చీటీ మీద ముద్ర వేయించుకుని, మధ్యాహ్నానికల్లా మార్కెట్‌లో కాంటా దగ్గర ఉంటాడు. పోయిన నెల డాక్టరు తగ్గించి చూద్దామా అని అడిగారు. మిర్చి సీజన్ దాటనివ్వండి సార్, అప్పుడు చూద్దాం అన్నాడు. సరేనని పాత మోతాదే రాశారు.